ఆకలి లేని గాలం

“పట్టినదాన్ని మల్ల నీళ్లల్లనే ఇడిసిపెడ్తవా? గంత దానికి గింత చలిల, చీకటుండంగనే లేసి పోతవా? అందుల శనివారం!”

అమ్మ ఈ మాట అడగడం ఇది నాలుగో చలికాలం. నేను ఏడాదికో జవాబు చెబుతూ వచ్చాను. మొదటి ఏడాది “ఇక్కడ రూలు అట్లనే ఉంటదమ్మా” అన్నాను. అది సగం నిజం. రెండో ఏడాది “ఆ చేప రుచుండదు” అన్నాను. అది పూర్తి అబద్ధం. మూడో ఏడాది పొద్దుటి గాలి మంచిదని డాక్టరు చెప్పాడన్నాను. డాక్టరు అలాంటిదేమీ చెప్పలేదు. ఈసారి “పడవెక్కుతున్న, మల్ల జేస్త” అని ఫోను పెట్టేశాను. అక్కడ వాళ్లకు సాయంత్రం ఆరు, ఇక్కడ పొద్దున ఆరున్నర. సంక్రాంతి వెళ్లి మూడు రోజులు. ఒడ్డు మీది గడ్డి ఉప్పు చల్లినట్టు తెల్లబడి ఉంది.

డల్లాస్‌కు తూర్పున గంటన్నర దూరంలో లేక్ ఫోర్క్ అని ఒక చెరువు. చెరువు అని నేనంటాను, వాళ్లు సరస్సు అంటారు. 27,000 ఎకరాల నీళ్లను చెరువు అనడం అన్యాయమే, కానీ సబీన్ నదిలో కలిసే ఒక వాగుకు అడ్డంగా కట్ట వేసి నిలిపిన నీళ్లను ఇంకేమనాలి? టెక్సాస్‌లో తనంత తాను ఏర్పడ్డ పెద్ద సరస్సు ఏదంటే లూసియానా సరిహద్దులోని క్యాడో పేరొక్కటే చెబుతారు. మిగతావి దాదాపు అన్నీ మన పాకాల, రామప్ప, లక్నవరం లాగా మనుషులు కట్టుకున్నవే. కాకతీయులు ఆ పని ఏడెనిమిది వందల ఏళ్ల కిందట చేశారు, వీళ్ల కట్ట 1980లో పూర్తయింది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఈ దేశం కొంచెం దగ్గరైంది. చెరువు కింది ఊళ్లో పుట్టినవాడికి కట్ట, తూము, మత్తడి కనబడితే చాలు, చెప్పులు విడిచి కూర్చోబుద్ధవుతుంది.

ఇక్కడ చెప్పులు విడిస్తే కాళ్లు ఉండవు.

మేం పట్టబోయేది లార్జ్‌మౌత్ బాస్. పేరుకు తగ్గట్టు నోరు పెద్దది. పై దవడ కన్ను దాటి వెనక్కి పోతుంది. ఒళ్లంతా పాచి రంగు, పక్కన తల నుంచి తోక దాకా నల్లటి చార. చెరువు నిండకముందే ఇక్కడి అధికారులు ఫ్లోరిడా జాతి పిల్లల్ని తెచ్చి వదిలారు, వాటి సంతానమే ఈ చెరువుకు పేరు తెచ్చింది. మన కొర్రమట్టకు ఇది చుట్టమేమీ కాదు గానీ గుణాలు కలుస్తాయి. రెండూ పొంచి ఉండి మింగేవే. రెండూ పిల్లల్ని కాచుకునేవే. కొర్రమట్ట పిల్లలు ఎర్రగా ముద్దలా తిరుగుతుంటే కింద పెద్దవి కాపలా ఉంటాయి. బాస్‌లో గూడు చెయ్యడం, కాపలా కాయడం రెండూ మగదాని పని. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది.

నన్ను తీసుకెళ్లేది పాత ఆఫీసులో నాతో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. ఈ జిల్లాలోనే పుట్టాడు. తక్కువ మాట్లాడతాడు. పడవకు చేపల్ని చూపించే తెర ఉంది గానీ దాని మీద తువ్వాల కప్పి ఉంచుతాడు. 2018లో గార్మిన్ కంపెనీ లైవ్‌స్కోప్ తెచ్చినప్పటినుంచి చేప ఎక్కడుందో, అటు తిరిగిందో ఇటు తిరిగిందో సినిమా చూసినట్టు చూడొచ్చు. పోటీల్లో అది ఉండాలా వద్దా అని పెద్ద గొడవలే నడుస్తున్నాయి. పెద్దాయన ఆ గొడవలోకి దిగడు. తెరలో ఒకటే చూస్తాడు, నీళ్ల వేడి ఎంతుందని. ఆ రోజు 48 డిగ్రీలుంది. మన లెక్కలో తొమ్మిది.

చలిదేశాల్లో అయితే ఈపాటికి నీళ్ల మీద గడ్డ కట్టి, జనం దానికి రంధ్రాలు తొలిచి కూర్చుంటారు. ఇక్కడ గడ్డ కట్టదు. 2021 ఫిబ్రవరిలో డల్లాస్‌లో సున్నాకు రెండు డిగ్రీలు కిందికి, అదీ ఫారెన్‌హీట్‌లో, పోయిన ఆ వారం లాంటివి లెక్కలోకి రావు. ఇంకా దక్షిణాన ఫ్లోరిడాలో, ఓకీచోబీ సరస్సులో, జనవరికే బాస్ గూళ్లు చేసుకుంటుంది. టెక్సాస్ ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. ఒకరోజు చొక్కాతో తిరగొచ్చు, మర్నాడు ఉత్తరపు గాలి తిరిగితే చెవులు మండుతాయి. గాలి తిరిగే ముందు చేప ఆబగా తింటుంది. గాలి వెళ్లిపోయి ఆకాశం నీలంగా కడిగినట్టయిన రోజున నోరు తెరవదు. మనం వెళ్లేది ఎప్పుడూ ఆ రెండో రోజునే, ఎందుకంటే సెలవు శనివారమే కదా.

చేప ఒంటికి సొంత వేడి ఉండదు. నీళ్లెంతో అదీ అంతే. 50 డిగ్రీల కిందికి దిగాక దాని జఠరాగ్ని నివురు కప్పుకుంటుంది. వేసవిలో పొద్దున మింగింది సాయంత్రానికి అరిగితే, ఇప్పుడు ఒక చిన్న చేపను మింగి రోజుల తరబడి పడి ఉంటుంది. వేసవిలో నీళ్లు పొరలుగా విడిపోయి, పైన వేడి, కింద చల్లన, మధ్యలో చేప అని ఒక లెక్క ఉంటుంది. చలికాలంలో అడుగు నుంచి పైదాకా దాదాపు ఒకే వేడి. కాబట్టి చేప ఎక్కడైనా ఉండొచ్చు. ఎక్కడున్నా కదలదు. ఎదురుగా ఎర వెళ్లినా మొహం తిప్పదు, తినాల్సిన పని లేదు కనుక.

ఆలోచిస్తే ఇటు చివర నేనూ అంతే. ఇంట్లో ఫ్రిజ్ నిండా సంక్రాంతి అరిసెలు, సకినాలు ఉన్నాయి. పట్టినా తినను. దారానికి ఆ చివర ఆకలి లేదు, ఈ చివర ఆకలి లేదు. మరి మధ్యలో ఈ గాలం ఎందుకు? అమ్మ అడిగే ప్రశ్నను కొంచెం వెనక్కి లాగితే వచ్చేది ఇదే.

మా వాడకట్టులో ఒక తాత ఉండేవాడు. వెదురు కర్ర, జీలుగు బెండు, కొబ్బరి చిప్పలో తడిమట్టి, మట్టిలో ఎర్రలు. పొద్దు వాలాక కట్ట మీద తూము పక్కన కూర్చునేవాడు. బెండు ముణిగితే లాగడం, చేపను తుంగపోచకు గుచ్చడం. నేను పక్కన కూర్చుని ఎర్రలు అందించేవాణ్ని. నాలుగు పరకలు, ఒక జెల్ల పడ్డాయంటే దారం చుట్టేసేవాడు. “ఇంకా పడుతున్నయి కద తాతా” అంటే, “కూరకైంది” అనేవాడు. ఆయనకు చేపను తూచే కొలత అదొక్కటే. పౌండ్లు లేవు, అంగుళాలు లేవు. ఐతే కూరకైనట్టు, లేకుంటే కానట్టు. కానినాడు ఇంట్లో పచ్చిపులుసు. ఆ బెండు వంక ఆయన చూసిన చూపు నేను ఇక్కడ ఎంత ఖరీదైన బోటులో కూర్చున్నవాడి మొహంలోనూ చూడలేదు.

ఈ దేశంలో కూడా మొదట కూర లెక్కే. 1932 జూన్ 2న జార్జియాలో వానకు పొలం దున్నడం కుదరక ఒక కుర్ర రైతు చేపలకు వెళ్లాడు. పేరు జార్జ్ పెర్రీ. మాంట్‌గొమరీ లేక్ అనే మడుగులో 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పడింది. మన లెక్కలో పది కిలోల పైన. ఊళ్లో తూచి, ఇంటికి తీసుకెళ్తే ఇంటిల్లిపాదీ తిన్నారు. కరువు రోజులు. తొంభై ఏళ్లు దాటినా దాన్ని మించిన చేప రికార్డుకెక్కలేదు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా అనే ఆయన దాదాపు ఒక ఔన్సు ఎక్కువ తూగేదాన్ని పట్టాడు గానీ, రెండు ఔన్సుల తేడా ఉంటే తప్ప పాత రికార్డు పోదు, అందుకని ఇద్దరినీ సమానం అన్నారు. ప్రపంచంలోకెల్లా పెద్ద బాస్‌ను పట్టినవాడు ఆకలిగొన్నవాడు, పట్టి తిన్నవాడు. ఇది నాకు నచ్చుతుంది.

తర్వాత కడుపులు నిండాయి. పోటీలు వచ్చాయి. 1968లో బాస్ పట్టేవాళ్లకు ఒక సంఘం పెట్టిన రే స్కాట్ అనే ఆయనే 1972లో పట్టినదాన్ని చంపొద్దు, బతికుండగానే తూచి నీళ్లలో వదలాలి అని ఉద్యమం లేవదీశాడు. అది ఎంత పాతుకుందంటే ఇప్పుడు ఇక్కడ ఎవరైనా పెద్ద బాస్‌ను కోసి వండితే చుట్టూ ఉన్నవాళ్లు ఆవును కోసినవాణ్ని మన పల్లెలో చూసినట్టు చూస్తారు. అదే జపాన్‌కు వెళ్తే లెక్క తిరగబడుతుంది. అక్కడ బాస్ బయటినుంచి వచ్చి స్థానిక చేపల్ని మింగేస్తున్నదని, బివాలో పట్టినదాన్ని తిరిగి వదలడమే తప్పు అని 2003 నుంచి నిబంధన. ఈ చేపను మన చెరువుల్లోకి తెచ్చే ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి. కొర్రమట్టకు ఉన్న కష్టాలు చాలు.

సరే, పడవలోకి వస్తాను. ఉత్తరపు గాలి తగలకుండా, దక్షిణపు ఎండ పడే ఒడ్డు వెతికి, ముంపు చెట్ల మోళ్ల మధ్య పెద్దాయన పడవ నిలిపాడు. కట్ట కట్టినప్పుడు కొట్టకుండా వదిలేసిన చెట్లవి, బూడిద రంగులో ఇంకా నిలబడే ఉన్నాయి. ఒకదాని కొమ్మ మీద తెల్ల తల గద్ద. నీళ్ల మీద కొంగల బదులు సముద్రపు కాకులు. అవి ఎక్కడ ముక్కు వేస్తే అక్కడ షాడ్ ఉన్నట్టు. షాడ్ అంటే మన పరకల్లాంటి వెండి చేప, బాస్‌కు అన్నం. చలికి ఓర్చుకోలేదు. నీళ్లు 45 డిగ్రీలకు దిగుతుంటే సోలిపోతుంది. ఒక్క క్షణం గిలగిల కొట్టుకుని ఆగిపోతుంది, మళ్లీ కొట్టుకుని ఆగిపోతుంది. వెంటపడి వేటాడే ఓపిక లేని చేపకు, మూతి ముందుకొచ్చి ఆగిన ఇలాంటి షాడ్ ఒక్కటే భోజనం.

దాన్ని నటించే బొమ్మ పేరు జర్క్‌బైట్. అరచెయ్యంత పొడుగున్న గట్టి ప్లాస్టిక్ చేప, కడుపు కింద మూడు కొక్కేల గాలాలు. మూతి దగ్గర నాలుక లాంటి చిన్న రేకు. కర్రతో రెండు కుదుపులు కుదిపితే ఆరడుగుల లోతులో మెలికలు తిరిగి, కుదుపు ఆపితే అక్కడే ఆగుతుంది. పైకి తేలదు, కిందికి మునగదు. అలా వేలాడాలంటే తూకం కుదరాలి. చల్లటి నీళ్లకు సాంద్రత ఎక్కువ కాబట్టి వేసవిలో సరిగ్గా ఆగిన బొమ్మ చలికాలంలో పైకి తేలిపోతుంది. పెద్దాయన జేబులోంచి ఒక కార్డు తీసి, స్టిక్కర్ బొట్లలాంటి సీసపు చుక్కలు ఒక్కొక్కటే దాని కడుపుకు అంటించి, పడవ పక్కన నీళ్లలో ముంచి చూసి, ఒకటి పీకి, సగానికి కత్తిరించి మళ్లీ అంటించాడు. ఆ సగం చుక్క కోసం పావుగంట పట్టింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, వేళ్లు చలికి ఎర్రబడి వణుకుతున్నాయి, అయినా తొందర లేదు.

అసలు పని కుదపడం కాదట, ఆపడమట. ఎంతసేపు? “నీకు విసుగొచ్చేదాకా. తర్వాత ఇంకొంచెం” అన్నాడు మొదటి ఏడాది. ఆయన లోపల ఏం లెక్కపెట్టుకుంటాడో తెలీదు. నేను మాత్రం ఎక్కాలు చదువుకుంటాను. రెండో ఎక్కం, మూడో ఎక్కం తొందరగా అయిపోతాయి. పదమూడో ఎక్కమైతే ఆలోచించుకుంటూ చదవాలి, సరిగ్గా సరిపోతుంది. కుదుపు, కుదుపు. పదమూడు ఒకట్ల పదమూడు. పదమూడు రెండ్ల ఇరవై ఆరు. బడిలో ఈ ఎక్కం తప్పినందుకు గోడకుర్చీ వేశాను. ఇప్పుడు ఇక్కడ పనికొస్తున్నదని మా సారుకు తెలిస్తే ఏమనేవాడో. ఏం గొణుగుతున్నావని పెద్దాయన ఒకసారి అడిగితే చెప్పాను. చాలాసేపు ఆలోచించి, తనకు పన్నెండు దాకే నేర్పారన్నాడు.

రెండున్నర గంటలు ఏమీ లేదు. వేసవిలో రెండున్నర గంటలు ఏమీ పడకపోతే చోటు తప్పని, బొమ్మ తప్పని మారుస్తారు. చలికాలంలో అలా అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఏమీ జరగకపోవడం ఇక్కడ మామూలు. పది గంటలకు ఎండ మోళ్ల మీదికి వచ్చింది. నీళ్లు ఒక్క డిగ్రీ పెరిగాయి. పదమూడు ఆర్ల డెబ్బై ఎనిమిది. పదమూడు ఏడ్ల తొంభై ఒ–

దారం బరువెక్కింది. అంతే. లాగలేదు, గుంజలేదు. బావిలో చేదకు తడిబట్ట తగులుకున్నట్టు కొద్దిగా బరువు. ఎండాకాలంలో బాస్ పట్టుకుంటే కర్ర చేతిలోంచి ఎగిరిపోతుంది, నీళ్లలోంచి గాల్లోకి లేచి తల విదిలిస్తుంది. ఈ చలిలో అది నోరు మూసింది, అంతే చేసింది. మోడుకు తగులుకుందేమో అనుకుని నేను కర్ర పక్కకు లాగితే, ఆ మోడు మెల్లగా పక్కకు జరిగింది.

ఆకలి లేనిది నోరెందుకు తెరిచిందో నేను చాలాసార్లు ఆలోచించాను. చేపకు చేతుల్లేవు, ఏదైనా తెలుసుకోవాలంటే నోట్లోనే పెట్టుకు చూడాలి, చంటిపిల్లల్లాగా, అని కొందరంటారు. కష్టం లేకుండా దొరికేది వదులుకోకపోవడం దాని స్వభావమని ఇంకొందరు. ఆ రోజు వలలోకి తీశాక ఇంకో కారణం కనబడింది. 23 అంగుళాలు, 7 పౌండ్ల 2 ఔన్సులు, మూడు కిలోల పైచిలుకు. పొడవుకు తగ్గ బరువు కాదు, ఎక్కువ. కడుపు రెండు పక్కలా ఉబ్బి ఉంది. ఫిబ్రవరి చివరికి నీళ్లు అరవై డిగ్రీలు దాటితే పెట్టబోయే గుడ్లు జనవరిలోనే పెరుగుతుంటాయి. ఆ ఆకలి చేపది కాకపోతే లోపలివాటిది. నా లెక్కలో ఒక తప్పు దొర్లిందని అప్పుడు తెలిసింది. దారానికి ఆ చివర ఆకలి ఉంది.

టెక్సాస్‌లో పెద్ద చేపలు చలికాలం చివర్లోనే బయటపడేది ఈ గుడ్ల బరువు వల్లే. 13 పౌండ్లు దాటినదాన్ని జనవరి నుంచి మార్చి లోపల పడితే సర్కారువాళ్లకు కబురు పెట్టొచ్చు. బతికుండగానే ట్యాంకులో పెట్టి ఏథెన్స్ ఊళ్లోని చేపల కేంద్రానికి తీసుకెళ్లి, గుడ్లు పెట్టించి, ఏ చెరువులో పట్టారో ఆ చెరువులోనే వదిలేస్తారు. పురిటికి పుట్టింటికి తీసుకెళ్లి దిగబెట్టినట్టు. 1986లో మొదలైన ఈ పద్ధతికి మొదటి చేప ఈ లేక్ ఫోర్క్‌దే, 17.67 పౌండ్లది. దానికి ఎథెల్ అని పేరు కూడా పెట్టారు. రాష్ట్రంలోకెల్లా పెద్దదీ ఇక్కడిదే. 1992 జనవరి 24న బ్యారీ సెయింట్ క్లెయిర్ అనే ఆయనకు పడింది, 18.18 పౌండ్లు. ఆయన వెళ్లింది బాస్ కోసం కాదు. క్రాపీ అనే చిన్న చేపల కోసం చిన్న ఎర వేసుకుని కూర్చుంటే ఇది వచ్చి అందుకుంది. ఇప్పటికీ దాన్ని ఎవరూ దాటలేదు. బోట్ల మీద, తెరల మీద లక్షలు పెట్టినవాళ్లు ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నవ్వలేక నవ్వుతారు.

నా చేతిలోది 23 అంగుళాలు కాబట్టి రూలు ప్రకారం కూడా ఉంచుకోవడానికి లేదు. ఈ చెరువులో 16 నుంచి 24 అంగుళాల మధ్యవన్నీ వెంటనే నీళ్లకే. అయితే రూలు వెనక దాక్కోవడం నాకు ఇష్టం లేదు. సరదా కోసం ఒక జీవి నోట్లో కొక్కెం దించడం, తర్వాత వదిలి పుణ్యం కట్టుకున్నట్టు మొహం పెట్టడం, ఇందులో ఏదో దొంగతనం ఉంది. కట్ట మీది తాత తిన్నాడు కాబట్టి ఆయన గాలానికి జవాబుంది. నా గాలానికి లేదు. నేను చేయగలిగింది చేస్తాను. కొక్కేల ముళ్లు పటకారుతో నొక్కేస్తాను. చెయ్యి తడిపి పట్టుకుంటాను, పొడిచేత్తో పడితే ఒంటి మీది జిగురు పోతుంది. దవడ పట్టి నిలువుగా వేలాడదీయను, పొట్ట కింద రెండో చెయ్యి పెడతాను. వదిలిన చేప వేసవి కంటే చల్లటి నీళ్లలో బాగా బతుకుతుంది, అందుకని ఎండాకాలం నేను చెరువు మొహం చూడను. ఇదంతా చేశాక కూడా అమ్మ ప్రశ్న అలాగే ఉంటుంది.

ఫొటో తీసింది పెద్దాయన. ఒక్కటే తీశాడు. రెండోది తీస్తే చేపకు ఊపిరాడదని ఆయన లెక్క. నీళ్లలోకి దించి తోక దగ్గర పట్టుకున్నాను. ఒకసారి దవడలు తెరిచి మూసింది. ఇంకోసారి. నా వేళ్లకు స్పర్శ పోయి అది ఎప్పుడు వెళ్లిందో తెలియలేదు. చెయ్యి చూసుకుంటే ఖాళీ.

ఫొటో అమ్మకు పంపాను. అక్కడ రాత్రి పది కావస్తోంది, సీరియల్ అయిపోయి ఉంటుంది. రెండు నిమిషాల్లో ఫోను.

“కూరకన్నా అయితదా అని అడుగుదామనుకున్న. అది నీళ్లోసుకున్నది కదరా బిడ్డా! కడుపు జూడు ఎట్లున్నదో. ఇడిసినవా?”

“ఇడిసిన.”

“పానంగ ఉన్నదా?”

“మంచిగనే పోయింది.”

“సరే. నువ్వేమన్న తిన్నవా?”

తొలకరికి మత్తడి దగ్గర ఎదురెక్కే చేపల్ని పట్టుకొస్తే, వాటి గుడ్లు ఉల్లిగడ్డతో ఎర్రగా వేయించి నా కంచంలో వేసింది ఈ అమ్మే. ఆ మాట గుర్తు చెయ్యలేదు. బిస్కెట్లు తిన్నానని చెప్పాను.

మిగతా రోజంతా మాకు ఇంకేమీ పడలేదు. పెద్దాయన తన పుస్తకంలో తేదీ, నీళ్ల వేడి, గాలి దిక్కు, పక్కన ‘1’ అని రాసుకున్నాడు. ఫిబ్రవరి మొదటి శనివారం మళ్లీ వెళ్తున్నాం. పడవలో మూడో సీటు ఖాళీగానే ఉంటుంది. వచ్చేవాళ్లు చేతి తొడుగులు రెండు జతలు తెచ్చుకోండి, ఒక జత ఎలాగూ తడుస్తుంది. పదమూడో ఎక్కం వచ్చి ఉంటే మంచిది. కూర మాత్రం ఉండదు.